పీట మీద చీమలు

డ్రైవర్ చొక్కా కాలరు ఇన్‌స్పెక్టర్ పిడికిట్లో ఉంది.

"చివరిసారి అడుగుతున్నా. విగ్రహం ఎక్కడ దాచావ్?"

"నాకు తెలీదు సార్. చినుకులు పడేలా ఉన్నాయి, ఆవరణలో ఉన్న అందరి బ్యాగులూ విగ్రహాల గదిలో పెట్టమని టీచరమ్మ గారు చెప్పారు. పెట్టి వచ్చేశాను."

"దానికి ఆరు నిమిషాలా?"

"పద్దెనిమిది బ్యాగులు సార్. రెండేసి మోశాను."

"ఆరు నిమిషాలు ఆ గదిలో నువ్వు తప్ప ఎవరూ లేరు. నువ్వు పాత కేసువాడివి. ఇంకేం కావాలి?"

ఇనప గేటుకి అవతల ఊరంతా నిలబడి ఉంది. గొలుసు మూడు చుట్లు చుట్టి తాళం వేశారు. గేటుకి ఇవతల రెండు నిలువుల ఎత్తు ప్రహరీ, మధ్యలో ఒక రాతి గది, దాని చుట్టూ ఇరుకైన ఆవరణ. పొద్దున్నే ఉత్సాహంగా బస్సెక్కిన వాళ్ళంతా ఇప్పుడు ఆ ఆవరణలో గోడకి అంటుకుపోయి కూర్చున్నారు. సెల్‌ఫోన్లన్నీ ఊరివాళ్ళు బుట్టలో వేసుకుపోయారు. మంచినీళ్ళు అయిపోయి గంట దాటింది.

రెండు రోజుల నడక అది, రోజూ సాయంత్రం అయిదు లోపు బస్సు టౌనుకి తిరిగి వెళ్ళిపోవాలి. ఊరూరా పొలాల్లో, గట్ల మీద మిగిలిపోయిన జైన విగ్రహాలను ఒక టీచరమ్మ, శాసనాల మాస్టారు కలిసి చూపించే నడక. ఇది మూడో ఊరు. రాతి గదిలో నాలుగు తీర్థంకర విగ్రహాలు ఉండాలి. మూడు నిలువెత్తువి. నాలుగోది మూరెడు ఎత్తున పద్మాసనంలో కూర్చున్నది, పద్దెనిమిది కిలోల నల్లరాయి. ఊరివాళ్ళు దాన్ని ముద్దుగా చిన్నాయన అంటారు. మధ్యాహ్నం మూడూ పన్నెండుకి కాపలా తాత చూసేసరికి చిన్నాయన లేడు.

ఆ క్షణాన గేటు పడింది.

"వాణ్ని వదులు. మెడ పట్టుకుంటే మాట ఎలా వస్తుంది?" అంది డిటెక్టివ్, గోడవారనుంచి లేస్తూ.

ఆమె ఈ నడకకి పని మీద రాలేదు. రెండు రోజులు ఏ కేసూ ముట్టనని డాక్టరుకి మాటిచ్చి, డబ్బు కట్టి వచ్చింది. ఇప్పుడు అందరితోపాటు ఆమె కూడా గొలుసుకి ఇవతలే.

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. పోలీసు ట్రెయినింగులో ఇద్దరూ ఒకే బ్యాచ్. ఆమె ఉద్యోగం వదిలేసి సొంత ఏజెన్సీ పెట్టుకుంది. ఆ సంగతి అతనికి ఇప్పటికీ మింగుడుపడదు.

"ఓహో, సెకన్ల ముల్లు గారూ ఉన్నారా! చేతికి వాచీ ఉంటే చాలు, దొంగలు క్యూ కట్టి వస్తారనుకుంటుంది."

"ఆ పేరు పెట్టింది నువ్వే. వాచీ లేక పరీక్షకి ఆలస్యంగా వచ్చిందీ నువ్వే."

గేటు అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడింది.

"చూడు, ఇక్కడ పోలీసుని నేను. నువ్వు లోపల చిక్కుకున్న అనుమానితుల్లో ఒకదానివి. నోరు మూసుకుని కూర్చో. నాలుగున్నరకి వీణ్ని స్టేషనుకి తీసుకుపోతున్నా."

"బ్యాగులన్నీ వెతికారు. బస్సు వెతికారు. విగ్రహం దొరకలేదు. వస్తువు లేకుండా మనిషిని తీసుకెళ్తావా?"

"గోడ మీంచి బయటికి అందించాడు. అవతల ఎవడో బండి మీద పట్టుకుపోయాడు."

"గోడ అవతల ఏముంది?"

జవాబు గేటు అవతలనుంచి వచ్చింది. ఊరి పెద్దావిడ, మొహం నిండా ముడతలు, గొంతు మాత్రం కంచు.

"దుక్కి దున్నిన చేను. పొద్దున నీళ్ళు పెట్టాం. పిట్ట నడిచినా జాడ పడుద్ది."

"ఏమన్నా జాడ ఉందా పెద్దమ్మా?"

"నేనే చుట్టూ తిరిగొచ్చా. ఒక్క అడుగు లేదు." పెద్దావిడ ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. "ఆ అమ్మాయిని చూడనియ్యి నాయనా. నాలుగున్నర దాకా. మాకు మా చిన్నాయన కావాల. ఎవుడో ఒకడు కాదు."

డిటెక్టివ్ వాచీ చూసింది. నాలుగూ ఏడు. ఇరవై మూడు నిమిషాలు.

ముందు డ్రైవర్ దగ్గరికి వెళ్ళింది. నలభై ఏళ్ళవాడు, నలిగిన కాలరు సర్దుకుంటున్నాడు.

"పాత కేసు ఏంటి?"

"డిపోలో బ్యాటరీలు తీశానమ్మా. తొమ్మిదేళ్ళయింది. ఎనిమిది నెలలు లోపలున్నా." అతను గొంతు తగ్గించాడు. "నా భార్య లేదమ్మా. పాపని స్కూలు నుంచి తెచ్చుకునేది నేనే. ఇంకొక్క కేసు పడితే పాపని తీసుకుపోతామని మా అత్తగారు వాళ్ళు కోర్టులో రాయించుకున్నారు. తప్పు చేసుంటే ఒప్పుకుంటానమ్మా. ఇది చెయ్యలేదు."

"గదిలోకి వెళ్ళినప్పుడు చిన్న విగ్రహం ఉందా?"

"ఉంది. తాడు అవతల ఉంది. బ్యాగు తగులుద్దేమోనని నేనే జాగ్రత్తగా అడుగు వేశా."

"సరే. నువ్విక మాట్లాడకు. ఎవరేం అడిగినా."

రాతి గదిలోకి వెళ్ళింది. ఒకటే తలుపు. కిటికీల్లేవు. మూడు పెద్ద విగ్రహాలు చేతులు కిందికి చాచి, దిగంబరంగా, కళ్ళు సగం మూసి నిలబడి ఉన్నాయి. ఒకదాని తల మీద ఏడు పడగలు. వాటి ముందు రాతి పీట, ఖాళీగా. పీటకి మూడడుగుల ముందు కొత్త నైలాన్ తాడు కట్టి ఉంది.

ఆమె తాడు కింద నుంచి దూరి, మోకాళ్ళ మీద కూర్చుంది. పీట మీద బూడిదరంగు పొడి. వేలితో తీసి రుద్దింది. రాతి పొడి గరగరలాడాలి. ఇది మెత్తగా ఉండలు కట్టింది. ఉమ్మితో తడిపితే వేళ్ళు అంటుకున్నాయి.

అప్పుడు చూసింది చీమల్ని. సన్నటి ఎర్రచీమల బారు గోడ పగులులోంచి వచ్చి, పీట ఎక్కి, విగ్రహం ఉండాల్సిన చోట గుమిగూడింది. పక్కనే మూడు విగ్రహాలున్నాయి. వాటి మీద ఒక్క చీమ లేదు.

రాయిలో చీమలకి ఏం పని?

"తాతా, ఒక్కసారి లోపలికి రా."

కాపలా తాత గడప దగ్గరే ఆగిపోయాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి.

"ముప్పై ఏళ్ళనుంచి నేనే చూసుకుంటున్నానమ్మా. ఈ తాళంచెవి నా మొలతాడుకే ఉంటది. ఇయాళ మాత్రం గేటు దగ్గర కూచోమన్నారు, కూచున్నా. గేటు దాటి ఒక్కళ్ళు పోలేదు. ఒట్టు."

"నమ్ముతున్నాను. చిన్నాయన్ని రోజూ తుడుస్తావా?"

"పొద్దునే. తడిగుడ్డ పెట్టి తుడిచేవాణ్ని. నెల్రోజులుగా తడి వద్దన్నారు. ఈక కుంచెతో దులుపుతున్నా అంతే. చేత్తో ముట్టుకోవద్దన్నారు."

"ఎవరన్నారు?"

"మాస్టారు."

"మాస్టారు స్వయంగా వచ్చి చెప్పారా?"

తాత తల గోక్కున్నాడు. "టీచరమ్మగారు వచ్చి, మాస్టారు చెప్పమన్నారని చెప్పింది. ఆ వారమే ఆ అన్నా చెల్లెలూ ఇక్కడ రెండు రోజులున్నారు. రాతల మీద కాగితాలు వేసుకున్నారు. ఎల్లుండి పురావస్తు ఆఫీసువాళ్ళు వస్తారు కదమ్మా, విగ్రహాలు తూకం వేసి నంబర్లు రాసుకోటానికి. దానికోసం అన్నారు."

"తూకం వేస్తారా?"

"నాలుగింటినీ. కాయితం కూడా వచ్చింది."

నాలుగూ పదమూడు.

గది వెనక, తలుపు కంట పడని వైపు, శాసనం చెక్కిన బండ నిలబెట్టి ఉంది. మధ్యాహ్నం రెండూ ముప్పై అయిదు నుంచి మూడూ పది దాకా నడకవాళ్ళంతా అక్కడే ఉన్నారు. శాసనాల మాస్టారు అక్షరాలకి అచ్చు ఎలా తీస్తారో చూపించాడు. బండని నీళ్ళతో కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, అది ఆరుతుండగా సిరా గుడ్డతో అద్దితే వెయ్యేళ్ళ నాటి అక్షరాలు తెల్లగా పైకి తేలతాయి. అలాంటివి మూడు కాగితాలు తాడు మీద ఇంకా ఆరుతున్నాయి. బండ పక్కన ఒక ప్లాస్టిక్ బకెట్టు. దాని మీద తడిగుడ్డ కప్పి ఉంది.

మాస్టారు కింద చతికిలబడి బ్రష్షులు తుడుచుకుంటున్నాడు. అరవై దాటిన మనిషి, చేతివేళ్ళ గోళ్ళనిండా సిరా. నడక నడిపించే టీచరమ్మ అతని పక్కనే నిలబడి ఉంది. రిటైరైన చరిత్ర టీచరు. మాట తీరులో ఇంకా బెత్తం ఉంది.

"టీచరుగారూ, ఒక సందేహం," అంది డిటెక్టివ్. "పొద్దున రెండు ఊళ్ళలో మమ్మల్ని విగ్రహాల మీద చెయ్యి పెట్టి చూడమన్నారు. రాయి చల్లదనం తెలియాలన్నారు. ఇక్కడ తాడు ఎందుకు కట్టారు?"

"ఇది నాజూకు రాయి. చేతి చెమటకి పాడవుతుందని అన్నయ్య చెప్పాడు." కళ్ళజోడు సర్దుకుంది. "ఇలాంటి ప్రశ్నలతో పొద్దుపుచ్చకుండా, ఆ డ్రైవర్ని గట్టిగా అడిగితే పనవుతుంది. అలాంటివాణ్ని పెట్టుకోవడం నాదే బుద్ధి తక్కువ."

"అడిగాను. మాస్టారూ, విగ్రహాన్ని శుభ్రం చెయ్యాలంటే ఎలా చెయ్యాలి?"

మాస్టారు తలెత్తాడు. "మెత్తటి తడిగుడ్డ. ఇంకేం వద్దు."

టీచరమ్మ చెయ్యి కళ్ళజోడు మీదే ఆగిపోయింది.

"అచ్చు తీసేటప్పుడు జిగురు వాడతారా?"

"ఛ, ఛ! జిగురు రాయికి తగిలితే అక్షరాలు తినేస్తుంది. ఉత్త నీళ్ళే. జిగురు పట్టుకున్నవాణ్ని నా దగ్గరికి కూడా రానివ్వను."

"ఈరోజు ఎన్ని కాగితాలు పాడయ్యాయి?"

"ఒక్కటీ పోలేదు." మాస్టారు గొంతులో గర్వం. "ఇవి చేత్తో చేయించుకున్న కాగితాలు. ప్రతిదానికీ మూల మీద పెన్సిలుతో నంబరు వేస్తాను. ఆరు తెచ్చాను. మూడు తాడు మీద, మూడు గొట్టంలో. చూసుకోండి."

డిటెక్టివ్ వంగి బకెట్టు మీది గుడ్డ లాగేసింది.

సగం బకెట్టు నిండా బూడిదరంగు గుజ్జు. చెయ్యి పెట్టి గుప్పెడు తీసింది. నానిన కాగితం ముద్ద, రాతి పొడి, మైదా జిగురు. ఇంకా నానని ఒక పెంకు ముక్క వేళ్ళకి తగిలింది. తీసి అరచేతిలో తిప్పింది. లోపలివైపు తెల్లటి కాగితం పొరలు. బయటివైపు నల్లటి రంగు. ఆ రంగు మీద, ఎంతో పనితనంతో దించిన ఉంగరాల జుట్టు, ఒక చెవి.

"మరి ఇదెవరి కాగితం మాస్టారూ?"

మాస్టారు ఆ ముక్కని తీసుకోలేదు. ముట్టుకోకుండానే చూశాడు. పొర అంచుని చూశాడు. మూల మీద తను వేసిన పెన్సిలు నంబరు నీళ్ళలో ఇంకా చెరగలేదు.

డిటెక్టివ్ గట్టిగా పిలిచింది. "ఇన్‌స్పెక్టర్ గారూ! ఇలా రండి. డ్రైవర్ని కూడా తీసుకురండి. మీ విగ్రహం దొరికింది."

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు, బకెట్టులోకి తొంగి చూశాడు.

"ఏంటీ చెత్త?"

"మధ్యాహ్నం మనందరం దండం పెట్టిన చిన్నాయన. ఉత్త కాగితం బొమ్మ. అసలు విగ్రహం ఈరోజు పోలేదు, నెల కిందటే పోయింది. దాని మీద తడి కాగితం పొరలు పొరలుగా వేసి, అచ్చు తీసి, ఈ బొమ్మ చేసి పీట మీద పెట్టారు. అందుకే తడిగుడ్డ వద్దన్నారు. అందుకే తాడు కట్టారు. జిగురు కోసం చీమలు పట్టాయి. ఎల్లుండి తూకం వేస్తే బొమ్మ బయటపడుతుంది. నెల కిందట రెండు రోజులు విగ్రహంతో ఒంటరిగా ఎవరున్నారో ఊరంతటికీ తెలుసు. అందుకని తూకం కంటే ముందే, ఇంతమంది కొత్తవాళ్ళ మధ్య, బొమ్మ మాయమవ్వాలి. అప్పుడు దొంగతనం ఇవాళే జరిగినట్టు. పాత కేసువాడు ఒకడుంటే ఇంకా మంచిది. వాణ్ని ఆరు నిమిషాలు గదిలో ఒంటరిగా ఉంచితే చాలు."

నడకవాళ్ళంతా చుట్టూ చేరారు.

"బొమ్మని పగలగొట్టి నీళ్ళలో తొక్కేస్తే బ్యాగు వెతికినా, బస్సు వెతికినా ఏముంటుంది? అచ్చు తీసే బకెట్టులో తడి కాగితం ఉంటే ఎవరు చూస్తారు? నేనే చూడలేదు."

"ఎవరు చేశారో చెప్పు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. అతని గొంతులో ఎగతాళి తగ్గింది.

"నేనే," అన్నాడు మాస్టారు.

అందరూ అటు తిరిగారు. అతను లేచి నిలబడ్డాడు. చేతిలో బ్రష్షు అలాగే ఉంది.

"నేనే చేశాను. అచ్చు తీసే పని నాదే కదా. కాగితం నాదే. తడిగుడ్డ వద్దని చెప్పించిందీ నేనే."

"ఇప్పుడే తడిగుడ్డతో తుడవాలన్నారు," అంది డిటెక్టివ్.

"అబద్ధం చెప్పాను."

"ఇప్పుడు చెబుతున్నారు అబద్ధం. రెండూ ముప్పై అయిదు నుంచి మూడూ పది దాకా మీ రెండు చేతులూ ఆ బండ మీదే ఉన్నాయి. నేను ముందు వరసలో కూర్చుని చూశాను. రెండూ నలభై ఎనిమిదికి డ్రైవర్ బ్యాగులు పెట్టేసి మన దగ్గరికి వచ్చాడు. అప్పటికి బొమ్మ పీట మీదే ఉంది. మరి మీరు ఎప్పుడు వెళ్ళారు? ఏ కాళ్ళతో వెళ్ళారు?"

ఇన్‌స్పెక్టర్ కళ్ళు మెరిశాయి.

"ఆయన వెళ్ళక్కర్లేదు. పథకం మాస్టారుది, మోత డ్రైవరుది. వీడు బొమ్మని పగలగొట్టి బకెట్టులో పడేశాడు. ఇద్దరూ కలిసి ఆడిన నాటకం. ఇప్పుడు నాకు ఒప్పుకోలు కూడా ఉంది. థాంక్స్ సెకన్ల ముల్లూ, నా పని సులువు చేశావ్."

బేడీ ఒక కడియం డ్రైవర్ చేతికీ, రెండోది మాస్టారు చేతికీ పడింది.

"బకెట్టు డ్రైవర్ చేతిలో ఎవరూ చూడలేదు!" అంది డిటెక్టివ్.

"కోర్టులో చెప్పుకో. నాలుగూ ఇరవై నాలుగు. తాళం తియ్యండి!"

గేటు దగ్గర గొలుసు గలగలలాడింది. డ్రైవర్ తనకు వేసిన బేడీని, దాని రెండో కొసన ఉన్న ముసలి చేతిని చూశాడు. ఆయన మీద కోపం రావాల్సింది. రాలేదు.

"మాస్టారూ, పాపకి ఎవరన్నా ఫోన్ చేస్తారా? ఏడో తరగతి. అయిదింటికి బడి గేటు దగ్గర నిలబడుద్ది. నాన్న బస్సు చెడిపోయిందని చెప్పమనండి. లోపలున్నాడని చెప్పొద్దు."

మాస్టారు చేతిలోని బ్రష్షుని కింద పెట్టాడు.

డిటెక్టివ్ అతని ముందుకి వచ్చి దారికి అడ్డంగా నిలబడింది.

"మాస్టారూ, మీరు ఎవర్ని కాపాడుతున్నారో నాకు తెలుసు. నేను చెబితే అది నా మాట, ఆవిడ కాదంటుంది. బకెట్టు మోసుకెళ్ళింది నీళ్ళ కోసమే అంటుంది. మీరు చెబితేనే అది సాక్ష్యం. మీరు చెప్పిన అబద్ధం మీ ఒక్కరి మెడకే పడితే నేను ఊరుకునేదాన్ని. ఈ మనిషిని కూడా లాక్కుపోతోంది."

"తప్పుకో," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఒక్క నిమిషం. ఇంకా నాలుగున్నర కాలేదు. పెద్దమ్మా, మాటిచ్చారు!"

"ఆగు నాయనా," అంది పెద్దావిడ గేటు అవతలనుంచి. "ఒక్క నిమిషంలో మునిగేదేం లేదు."

మాస్టారు మెడ తిప్పి చెల్లెలి వైపు చూశాడు. ఒక్క మాట కోసం చూస్తున్నట్టుంది. టీచరమ్మ దగ్గరికి వచ్చింది. బేడీ పడ్డ అన్న చేతిని తట్టింది. భుజం మీది కండువా సరిచేసింది.

"నువ్వు వెళ్ళన్నయ్యా. ఎక్కువ మాట్లాడకు. మందులు నేను పంపిస్తాను, లాయరుతో నేను మాట్లాడతాను. నీ వయసు చూసి వాళ్ళేం చెయ్యరు."

"మరి ఇతన్ని?" అన్నాడు మాస్టారు.

"ఎవర్ని?"

"ఈ డ్రైవర్ని."

"వాడికి అలవాటే కదా అన్నయ్యా," అంది టీచరమ్మ.

మాస్టారు కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచినప్పుడు చెల్లెల్ని చూడలేదు. బేడీ లాగి, డ్రైవర్ని కూడా తనతో తిప్పుకుని, ఇన్‌స్పెక్టర్ ఎదుట నిలబడ్డాడు.

"రాసుకోండి. నెల కిందట ఆ రెండు రోజుల్లో, చిన్న విగ్రహానికి పాఠం కోసం కాగితం నమూనా చెయ్యమని నన్ను అడిగారు. బళ్ళో పిల్లలకి చూపిస్తానంటే సంతోషంగా చేసిచ్చాను. ఆ చెవి నా చేత్తో దించిందే. తర్వాత వారం మా ఇంటి నుంచి ఒక చెక్కపెట్టె వెళ్ళింది. ఇద్దరు మనుషులు మోశారు. పుస్తకాలని చెప్పారు, నమ్మాను. ఇవాళ రెండూ యాభై అయిదుకి నా పక్కనున్న బకెట్టు తీసుకుని, నీళ్ళు పట్టుకొస్తానని గది వైపు వెళ్ళారు. ఏడు నిమిషాలకి తిరిగొచ్చారు, గుడ్డ కప్పి. నీళ్ళు కావాలని నేను అడగలేదు."

"అన్నయ్యా!"

"ఈ మనిషికి బేడీ తియ్యండి సార్. అయిదింటికి ఆ పాప గేటు దగ్గర నిలబడుతుంది." అతని గొంతు గేటు అవతల చివరి మనిషి దాకా వినపడింది. "చిన్నాయన్ని అమ్మింది నా తోడబుట్టింది. ఈ టీచరమ్మ. నా చెల్లెలు."